కార్డు లావాదేవీలు: అనుమతి ఒక్కటే చాలదు

ఖరగ్‌పూర్‌లోని సుభాష్‌పల్లి వీధులలో తెలుగు మాట కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడ వర్క్‌షాపు నెలకొన్ననాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు కూలికీ కొలువుకూ వచ్చి ఈ పట్టణంలో స్థిరపడినారు. తరాలు గడచినా వీరిలో అనేక కుటుంబాలకు స్వగ్రామంతో బంధం తెగలేదు. ఉద్యోగం ఇక్కడ, ఎకరమో రెండెకరాలో పొలం అక్కడ. జీతం జమ అయ్యేది ఇక్కడి బ్యాంకులో, పంట ఋణం తీసుకొనేది అక్కడి బ్యాంకులో. ఒక బ్యాంకు కార్డును మరొక బ్యాంకు యంత్రంలో పెట్టవలసిన అవసరం వీరికి నిత్యకృత్యం. అందువల్ల కార్డు వ్యవస్థలోని మేలూ లోపమూ రెండూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

ఒక ఆషాఢ మాసంలో జరిగిన సంగతి ఇది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక వృద్ధ రైతు సుభాష్‌పల్లిలోని కుమార్తె ఇంటికి వచ్చి, తిరుగు ప్రయాణం నాడు మా శాఖ ఏటీఎంలో తన కిసాన్ క్రెడిట్ కార్డు పెట్టినారు. ఊరిలో వరి నాట్లు మొదలు కావలసి ఉన్నది. కూలీలకు ఇవ్వడానికి ఎనిమిది వేల రూపాయలు కావలసి వచ్చినవి. లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు వినిపించినది కాని, నోట్లు మాత్రం బయటికి రాలేదు. అంతలోనే అల్లుని ఫోనుకు, ఖాతా నుంచి రూ.8,000 తగ్గినట్లు సందేశం వచ్చినది. ఆయన చీటీ పట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చినారు.

"బాబూ, మిషను డబ్బులివ్వనేదు. కాతాలోంచి మాత్రం ఎల్లిపోనాయి. మరి నా డబ్బులు ఏటైనట్టు?"

నేను కార్డు చూచి, "తాతగారూ, ఈ కార్డు మా బ్యాంకుది కాదు. ఫిర్యాదు మీ బ్యాంకులోనే ఇవ్వాలి" అన్నాను. నిబంధన ప్రకారం నా మాటలో తప్పు లేదు. అయితే ఆయన బ్యాంకు శాఖ ఆరు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. అల్లుడు ఫోను చేయగా అక్కడివారు, "యంత్రం మాది కాదు, అక్కడే అడగండి" అన్నారట. ఆ మాట కూడా చెప్పుకొని, ఆయన రాత్రి బండికి వెళ్ళిపోయినారు.

రెండు రోజుల తరువాత యంత్రంలో నగదు నింపేటప్పుడు లెక్క చూడగా ఎనిమిది వేలు అధికంగా తేలినది. నోట్లు బయటికి పోయే దారిలో చిక్కుకొని, మళ్ళీ లోపలి పెట్టెలో పడినవి. అంతేకాదు. ఆ మొత్తాన్ని ఆయన బ్యాంకు రోజువారీ పరిష్కార లెక్కలో మా బ్యాంకుకు అప్పటికే చెల్లించి ఉన్నది. అంటే నోట్లూ మా దగ్గరే ఉన్నవి, వాటి విలువా మా దగ్గరే ఉన్నది. ఆ డబ్బు తాలూకు మనిషిని మాత్రం మరొక చోటికి వెళ్ళమని చెప్పిన వాడను నేను. తొమ్మిదవ నాటికి ఆయన ఖాతాలో సొమ్ము తిరిగి జమ అయినది. ఈలోగా నాట్లు ఆగవు కనుక ఆయన ఊరిలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి కూలీలకు ఇచ్చినారు.

వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కనవసరం లేకుండా చేయాలన్న ఉద్దేశంతోనే 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు పథకం ఆరంభమైనది. అటువంటి కార్డు గల రైతును తిరిగి ఆ గుమ్మం వద్దకే పంపినది కరువూ కాదు, వరదా కాదు, గమ్యం చేరని ఒక సందేశం. ఈ ఒక్క సంగతి నన్ను కార్డు లావాదేవీల లోతుపాతులు తెలుసుకొనేలా చేసినది. తెలుసుకొన్న దానిని, దానిపై నా అభిప్రాయాన్ని తోటి ఉద్యోగుల ముందూ, రైతు సోదరుల ముందూ ఉంచుతున్నాను.

ప్రశ్న – ప్రయాణం – జవాబు

కార్డులో డబ్బు ఉండదు. ఈ మాట మన గ్రామ సభలలో ముందుగా చెప్పవలసినది. కార్డు ఒక ప్రశ్నను మోసుకొనిపోయే సాధనం మాత్రమే. "ఈ కార్డు గలవారికి ఇంత సొమ్ము ఇవ్వవచ్చునా?" అన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబు చెప్పే అధికారం ఒక్కరికే కలదు. అది కార్డు జారీచేసిన బ్యాంకు.

ప్రశ్న బయలుదేరేది దుకాణంలోని స్వైప్ మిషను నుంచి గాని, ఏటీఎం నుంచి గాని. అది మొదట ఆ యంత్రం తాలూకు బ్యాంకుకు చేరుతుంది. చాలా బ్యాంకులు, ముఖ్యంగా గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు, ఈ సందేశాలను నడిపే పనిని ప్రాసెసర్ సంస్థలకు గాని, తమ ప్రాయోజక బ్యాంకుకు గాని అప్పగించి ఉంటాయి. కార్డు తమ బ్యాంకుదే అయితే ప్రశ్న అక్కడే ఆగి జవాబు పొందుతుంది. పరాయి బ్యాంకుదైతే కూడలి వంటి స్విచ్‌కు పోతుంది. ఏటీఎంల విషయంలో ఆ కూడలి పేరు నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్. దీనిని హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. రూపొందించి 2004 ఆగస్టులో ప్రారంభించినది. 2009 డిసెంబరులో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దాని నిర్వహణను స్వీకరించినది. ఆ కార్పొరేషనే 2012లో రూపే కార్డును వెలువరించినది.

ఏ బ్యాంకు వైపు మళ్ళించాలో కూడలికి ఎట్లు తెలుస్తుంది? కార్డు మీది నంబరే చెబుతుంది. మొదటి ఆరు అంకెలు, ఇటీవలి ప్రమాణంలో ఎనిమిది అంకెలు, జారీచేసిన బ్యాంకును సూచిస్తాయి. చిట్టచివరి అంకె సరిచూచుకొనడానికి ఉద్దేశించినది. ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి ప్రకారం మిగిలిన అంకెలన్నింటి నుంచి దానిని గణిస్తారు. నంబరులో ఏ ఒక్క అంకె తప్పుగా కొట్టినా ఆ లెక్క కుదరదు. ప్రశ్న బయలుదేరక మునుపే పొరపాటు పట్టుబడుతుంది.

ప్రశ్న జారీ బ్యాంకుకు చేరిన తరువాత పరీక్ష మొదలవుతుంది. కార్డు గడువు ఉన్నదా, పోయినట్లు ఫిర్యాదు ఉన్నదా, పిన్ సరియైనదేనా, దినసరి పరిమితి దాటినదా, ఖాతాలో నిల్వ గాని పంట ఋణపు పరిమితి గాని మిగిలి ఉన్నదా అని చూస్తారు. కార్డులోని చిప్ ప్రతి లావాదేవీకి ఒక కొత్త సంకేతాన్ని సృష్టిస్తుంది. దానిని సరిచూచి ఇది అసలు కార్డేనా, నకలా అని తేలుస్తారు. పిన్ విషయంలో ఒక మాట. మీట నొక్కిన చోటనే అది రహస్య లిపిలోకి మారిపోతుంది. దారిలోని ప్రతి మజిలీలోనూ ఆ మజిలీకి చెందిన తాళంతో మళ్ళీ బిగిస్తారు. దుకాణదారునికి గాని, యంత్రం గల బ్యాంకుకు గాని, మా వంటి ఉద్యోగులకు గాని అది కనిపించదు. కనుక పిన్ చెప్పమని అడిగే వాడు బ్యాంకు మనిషి కాడని కళ్ళు మూసుకొని నిర్ణయించవచ్చును.

ఈ ప్రశ్నోత్తరాల భాషకు 1987లో తొలిసారి వెలువడిన ఐఎస్ఓ 8583 అనే అంతర్జాతీయ ప్రమాణం ఆధారం. ప్రతి సందేశం నాలుగు అంకెలతో మొదలవుతుంది. 0200 అంటే అడుగుట. 0210 అంటే జవాబు. 0420 అంటే "జరిగినదనుకొన్నది జరగలేదు, వెనుకకు తీసుకొనుడు" అని చెప్పుట. మూడవదానినే రివర్సల్ అంటారు. మన వృద్ధ రైతు కథ అంతా ఈ మూడవ సందేశం వద్దనే చిక్కుకొన్నది.

ఇదంతా కొన్ని క్షణాలలో ముగుస్తుంది. ఒకప్పుడు ఇట్లు లేదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టి, దేశంలో ఈ దారి తొక్కిన తొలి బ్యాంకులలో ఒకటిగా నిలిచినది. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది.) తొలినాటి కార్డుల పద్ధతిలో దుకాణదారుడు కార్డు మీది ఉబ్బెత్తు అంకెలను కాగితంపై అచ్చు తీసుకొనేవాడు. రద్దయిన కార్డుల పట్టిక చూచుకొనేవాడు. నిర్ణీత పరిమితికి మించిన కొనుగోలు అయితే ఫోను చేసి అనుమతి అడిగేవాడు. ఆ పద్ధతి మందకొడిదే. కాని అందులో ఒక మేలు ఉండేది. ఫోనులో జవాబు చెప్పేది మనిషి. జవాబు వినబడకపోతే దుకాణదారుడు మళ్ళీ అడిగేవాడు. ఎవరి వద్ద పని ఆగినదో ఇద్దరికీ తెలిసేది.

మూడు చోట్ల ప్రమాదం

సందేశం మూడు చోట్ల తప్పిపోవచ్చును.

ఒకటి, ప్రశ్న దారిలో పోవచ్చును. అప్పుడు జారీ బ్యాంకుకు ఏమీ తెలియదు. ఖాతా చెక్కుచెదరదు. ఖాతాదారునికి కొంత విసుగు తప్ప నష్టం లేదు.

రెండు, ప్రశ్న చేరి, ఖాతాలో ఖర్చు వ్రాసిన తరువాత, జవాబు వెనుకకు వచ్చే దారిలో పోవచ్చును. దుకాణంలోని యంత్రం కొంతసేపు వేచి చూచి, విఫలమైనదని ప్రకటిస్తుంది. ఖాతాలో సొమ్ము తగ్గినది. దుకాణదారునికి మాత్రం అందలేదు. ఖాతాదారుడు సందేశం చూపి "డబ్బు పోయినది" అంటాడు. దుకాణదారుడు చీటీ చూపి "నాకు రాలేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మూడు, జవాబు చక్కగా అందిన తరువాత కూడా చేయవలసిన పని జరగక పోవచ్చును. నోట్లు చిక్కుకొనుట ఇటువంటిదే. అప్పుడు యంత్రం రివర్సల్ పంపవలసి ఉన్నది. కాని నోట్లు ఖాతాదారుని చేతికి చేరినవో లేదో యంత్రానికే నిశ్చయం కాకపోతే అది ధైర్యంగా "ఇవ్వలేదు" అని చెప్పలేదు. అటువంటి లావాదేవీ, మనిషి వచ్చి నోట్లు లెక్కించే వరకు సందేహంలోనే ఉండిపోతుంది.

రైల్వే ఊరిలో పెరిగిన వాడను గనుక నాకు ఇక్కడ లైన్ క్లియర్ పద్ధతి గుర్తుకు వస్తుంది. ఒక స్టేషను నుంచి బండి కదలాలంటే ముందరి స్టేషను మాస్టరు అనుమతి కావలెను. మన కార్డుకు జారీ బ్యాంకు ఇచ్చే అనుమతి వంటిదే అది. అయితే రైల్వేలో అనుమతితో పని ముగియదు. బండి ముందరి స్టేషనుకు చేరిన తరువాత చివరి పెట్టె వెనుక ఉండే ఎల్.వి. ఫలకాన్ని కళ్ళారా చూచి, బండి పూర్తిగా వచ్చినదని నిర్ధారించుకొని, ఆ సంగతి వెనుకటి స్టేషనుకు తెలియజేస్తారు. అంతవరకు ఆ లైను తెరవరు. చివరి పెట్టె కనిపించకపోతే పెట్టెలు మధ్యలో విడిపోయి ఉండవచ్చునని భావించి జాగ్రత్త పడతారు. ప్రయాణికుని పిలిచి, "నీ పెట్టె ఎక్కడున్నదో నీవే వెదకుకొనుము" అని ఎవరూ అనరు.

మన వ్యవస్థలో అనుమతి ఇచ్చుట అత్యంత వేగంగా జరుగుతున్నది. చివరి పెట్టె చూచుట మాత్రం నింపాదిగా సాగుతున్నది. నా అభియోగమంతా ఇంతే. కార్డు లావాదేవీ ముగిసేది అనుమతితో కాదు, సొమ్ము చేరవలసిన చేతికి చేరినదన్న నిర్ధారణతో. అప్పటివరకు దాని భారం బ్యాంకులది కావలెను గాని ఖాతాదారునిది కారాదు.

51 వేరు, 91 వేరు

ఇక నిరాకరణల సంగతి. జారీ బ్యాంకు జవాబులో రెండు అంకెల సంకేతం ఉంటుంది. 00 అంటే అంగీకారం. 51 అంటే నిల్వ చాలదు. 54 అంటే కార్డు గడువు తీరినది. 55 అంటే పిన్ తప్పు. 75 అంటే తప్పు పిన్ అనుమతించిన సార్లు మించినది. 91 అంటే జారీ బ్యాంకు గాని దాని స్విచ్ గాని పనిచేయుట లేదు. 05 అంటే కారణం విప్పి చెప్పని నిరాకరణ.

గోల్‌బజారులో పండుగ సరుకులు కొనే చోట వరుసలో నలుగురు వెనుక నిలబడి ఉండగా యంత్రం "డిక్లైన్డ్" అని చూపిస్తే దుకాణదారుడు ఏమంటాడు? "డబ్బులు లేవేమో చూసుకోండి" అంటాడు. నిజానికి వచ్చిన సంకేతం 91 కావచ్చును. నిద్రపోయినది బ్యాంకు. తల దించుకొన్నది ఖాతాదారు. జీవితంలో మొదటిసారి కార్డు చేతబట్టిన వ్యవసాయ కూలీకి అటువంటి అనుభవం ఒక్కటి చాలును. మళ్ళీ ఆ కార్డు పెట్టెలోనుంచి బయటికి రాదు. 2014 ఆగస్టు 28న ప్రారంభమైన జన్‌ధన్ యోజన కింద కోట్లాది కార్డులు ఇచ్చినాము. వాటిని వాడుటలేదని సమావేశాలలో వాపోతాము. వాడనందుకు కారణాలలో ఈ అవమానం కూడా ఒకటని నేను క్షేత్ర పర్యటనలలో అనేక పర్యాయములు విన్నాను.

సంకేతాన్ని తెలుగులోనో, బంగ్లాలోనో, ఒడియాలోనో ఒక్క వాక్యంగా ముద్రించుట పెద్ద సాంకేతిక కార్యం కాదు. "మీ ఖాతాలో లోపం లేదు, బ్యాంకు యంత్రాంగం ప్రస్తుతం అందుటలేదు" అని చీటీ మీద ఉంటే ఆ మనిషి తల ఎత్తుకొని నడుస్తాడు.

నియమం ఉన్నది, ఆచరణ కావలెను

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఈ విషయమై ఒక ఉత్తర్వు వెలువరించినది. అది అదే ఏడాది అక్టోబరు 15 నుంచి అమలులోకి వచ్చినది. ఏటీఎంలో ఖాతా తగ్గి నగదు రాకపోతే, లావాదేవీ జరిగిన నాటి నుంచి 5 రోజులలోగా సొమ్ము తిరిగి జమ కావలెను. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించవలెను. దుకాణంలో కార్డు గీసినప్పుడు ఖాతా తగ్గి, దుకాణదారునికి నిర్ధారణ అందకపోయినా ఇదే నియమం. మరొక ముఖ్యమైన మాట కూడా ఆ ఉత్తర్వులో ఉన్నది. ఖాతాదారుడు ఫిర్యాదు చేయాలని గాని, అడగాలని గాని వేచి చూడక, బ్యాంకు తనంతట తానే ఆ పరిహారాన్ని జమ చేయవలెను.

మన వృద్ధ రైతుకు సొమ్ము తొమ్మిదవ నాడు చేరినది గనుక నాలుగు రోజుల ఆలస్యానికి రూ.400 రావలెను. రాలేదు. నేను ఆయన అల్లునిచేత వ్రాయించి పంపిన తరువాత వచ్చినది. అడగకుండా రావలసినది అడిగితే గాని రాలేదు. అడగడం తెలియని వారి సంగతేమిటి?

ఈ ఉత్తర్వు మంచిది. కాని అది ఒక సగటు ఖాతాదారుని దృష్టిలో ఉంచుకొని వ్రాసినది. నెల జీతం వచ్చే ఉద్యోగికి ఐదు రోజులు అసౌకర్యం. నాట్ల వేళ రైతుకు ఐదు రోజులంటే ముదిరిపోయే నారు, పొరుగూరికి తరలిపోయే కూలీలు, వడ్డీకి తెచ్చే అప్పు. పైరుకు అదను ఉన్నట్లే పరపతికీ అదను ఉన్నది. అదను తప్పి చేరిన ఋణం సగం ఋణమేనని ఈ పత్రిక పాఠకులకు నేను వేరుగా చెప్పనవసరం లేదు.

ఒక ఆక్షేపణ

ఇందుకు అనుభవజ్ఞులైన అధికారులు ఒక అభ్యంతరం చెబుతారు. ఫిర్యాదు చేసిన ప్రతివారికీ వెంటనే సొమ్ము ఇచ్చివేస్తే, నోట్లు తీసుకొని కూడా రాలేదనే వారు పుట్టుకొని వస్తారని వారి భయం. ఆ భయం నిరాధారం కాదు. యంత్రం నోట్లను మళ్ళీ లోపలికి లాగుకొనే పద్ధతిని ఆసరా చేసుకొని, కొన్ని నోట్లు తీసి కొన్ని వదలిన మోసాలు జరిగినవి. ప్రజల సొమ్ముకు ధర్మకర్తలమైన మనం విచారణ లేకుండా చెల్లించలేము.

అయితే విచారణకు కావలసిన సాక్ష్యాలన్నీ ఎవరి వద్ద ఉన్నవి? యంత్రం నమోదు చేసిన వివరాలు, కెమెరా చిత్రం, నగదు లెక్క, ఈ మూడూ యంత్రం గల బ్యాంకు వద్దనే ఉన్నవి. ఖాతాదారుని చేతిలో ఒక చీటీ మాత్రమే. సాక్ష్యం ఎవరి దగ్గర ఉన్నదో వారే ముందడుగు వేయుట న్యాయం. సందేహం పేరిట ఆలస్యం చేయుట, ఆలస్యం ఖరీదును సందేహానికి తావివ్వని వారి చేత కూడా కట్టించుట న్యాయం కాదు.

నా సూచనలు

మొదటిది, కార్డు ఎవరిదైనా, యంత్రం మాదైతే ఫిర్యాదు మా శాఖలో తీసుకొనవలెను. తేదీ, సమయం, యంత్రం సంఖ్య, చీటీ మీది పన్నెండంకెల రిఫరెన్సు నంబరు, కార్డులోని చివరి నాలుగు అంకెలు, ఈ ఐదు వివరాలతో ఒక చిన్న పత్రం చాలును. దానిని జారీ బ్యాంకుకు చేరవేసే పని బ్యాంకులది. ఖాతాదారుని కాళ్ళను తపాలా బంట్రోతు కాళ్ళుగా వాడుకొనరాదు.

రెండవది, ఫిర్యాదు అందిన యంత్రంలో నగదు లెక్కను తదుపరి నింపుడు వరకు వాయిదా వేయక, వీలైనంతలో మరునాడే చూడవలెను. అధికంగా తేలిన సొమ్మును ఎవరో అడిగేవరకు ఉంచక, మా అంతట మేమే వెనుకకు పంపవలెను. చివరి పెట్టె చూచుట అంటే ఇదే.

మూడవది, కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాలకు సాగు కాలంలో ఒక ప్రత్యేక వెసులుబాటు ఉండవలెను. చక్కగా ఋణం తీర్చుకొంటూ వస్తున్న రైతు ఫిర్యాదు చేస్తే, విచారణకు లోబడి, ఆ మొత్తానికి తాత్కాలిక జమ ఇవ్వవచ్చును. రైతు భూమి వివరాలూ, పంట వివరాలూ, పూర్వ చరిత్రా మన వద్ద ఉన్నవి. లక్షల ఋణం ఇవ్వడానికి నమ్మిన మనిషిని ఎనిమిది వేలకు నమ్మలేకపోవుట విచిత్రం.

నాలుగవది, ప్రతి శాఖలోనూ, ప్రతి ఏటీఎం గదిలోనూ స్థానికుల భాషలలో ఒక ప్రకటన వ్రేలాడవలెను. పైన చెప్పిన సంకేతాల అర్థం, ఐదు రోజుల గడువు, రోజుకు వంద రూపాయల పరిహారం అందులో ఉండవలెను. సుభాష్‌పల్లి వంటి చోట అది బంగ్లాతో పాటు తెలుగులోనూ, హిందీలోనూ ఉండుట అవసరం.

ఐదవది మా క్షేత్రాధికారుల గురించి. మేము పంటలు చూస్తాము, హామీ పత్రాలు చూస్తాము, వసూళ్ళు చూస్తాము. కార్డు మాత్రం మా పని కాదనుకొంటాము. అది పొరపాటు. ఋణం మంజూరు చేయుట అనుమతి వంటిది. అది రైతు చేతికి చేరుట చివరి పెట్టె వంటిది. రెండవది చూడకుండా మొదటిదానికి సంతకం పెట్టి తృప్తి పడరాదు.

రైతు సోదరులకు

ఏటీఎంలో నగదు రాకపోతే చీటీ పారవేయవద్దు. చీటీ రాకపోతే తేదీ, సమయం, యంత్రం ఉన్న చోటు వ్రాసిపెట్టుకొనండి. మీ బ్యాంకుకు వ్రాతపూర్వకంగా గాని, ఫోను ద్వారా గాని ఫిర్యాదు చేసి దాని నంబరు అడిగి తీసుకొనండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకొనవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

మరొక హెచ్చరిక. "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాము" అంటూ ఫోను చేసి పిన్ గాని, ఫోనుకు వచ్చిన అంకెలు గాని అడిగే మోసగాళ్ళు ఉన్నారు. మీ సొమ్ము మీకు తిరిగి రావడానికి పిన్ అవసరం లేదు. ఖాతాలో జమ కావడానికి ఎవరూ ఏ మీటా నొక్కనవసరం లేదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకొంటే చాలా నష్టాలు తప్పుతాయి.

ముగింపు

మరుసటి ఏడాది ఆ పెద్దాయన మళ్ళీ కుమార్తె ఇంటికి వచ్చినారు. మా శాఖ ముందు నుంచి పోతూ నన్ను చూచి పలకరించినారు. "కార్డు తెచ్చుకొన్నారా, తాతగారూ?" అని అడిగినాను. "ఇంటికాడే ఉంచేసినాను బాబూ. ఈపాలి డబ్బులు పంచె కొంగున కట్టుకొచ్చినాను" అన్నారు.

ఆయన మాటలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువగా బాధించినది. ఆయనకు ఎనిమిది వేలూ ముట్టినవి, నాలుగు వందలూ ముట్టినవి. మా పుస్తకాలలో ఆ లావాదేవీ ముగిసిపోయినది. ఆయన మాత్రం కార్డును ఇంటి దగ్గర వదలి, డబ్బును పంచె కొంగున ముడివేసుకొని ఆరు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసినారు. ఆ ముడి విప్పించవలసిన బాధ్యత యంత్రాలది కాదు. యంత్రం ముందు నిలబడిన వాని ప్రశ్నకు బల్ల వెనుక కూర్చున్న మాది.